ఏడుసార్లు పడగొట్టి, ఒక్కటీ గెలవని లెక్క

ముందు ఒక చిన్న లెక్క. చైనా హెవీవెయిట్ బాక్సర్ జాంగ్ జిలెయ్ జెర్రీ ఫారెస్ట్‌ని మూడుసార్లు పడగొట్టాడు. ఫిలిప్ హర్గోవిచ్‌ని ఒకసారి, జోసెఫ్ పార్కర్‌ని రెండుసార్లు, అగిత్ కబాయెల్‌ని ఒకసారి. నాలుగు ఫైట్లు, ఏడు నాక్‌డౌన్లు. ఆ నాలుగింటిలో అతను గెలిచింది ఒక్కటీ లేదు. ఒకటి డ్రా, మిగతా మూడూ ఓటములే. 2025 ఫిబ్రవరిలో కబాయెల్‌తో ఫైట్ అయ్యేసరికి అతని ప్రొఫెషనల్ రికార్డు 27 గెలుపులు, 3 ఓటములు, ఒక డ్రా. అంటే అతను గెలవలేకపోయిన ప్రతి ఫైట్‌లోనూ ఎదుటివాడు కనీసం ఒక్కసారైనా కింద పడ్డాడన్నమాట. ఇలాంటి రికార్డు ఇంకెవరికైనా ఉందేమో వెతుక్కోవాల్సిందే.

బాక్సింగ్ చూసేవాళ్ల దగ్గర దీనికి రెడీమేడ్ జవాబు ఒకటి ఉంది: దమ్ము చాలదు. సగం ఫైట్ దాటితే నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తాడు, చేతులు నడుము దాకా జారిపోతాయి, ఇక ఓపిగ్గా తిరిగేవాడెవడైనా పాయింట్లు ఏరుకుంటాడు. అబద్ధమని మేమూ అనం, కళ్లారా చూసిందే కదా. కాకపోతే ఆ దమ్ము ఎక్కడ పోయిందో, ఎవరు వాడేసుకున్నారో అడక్కుండా 130 కిలోల మనిషిని చూసి బరువు తగ్గించుకోవాలయ్యా అని సలహా పారేసి వెళ్లిపోవడం మాత్రం మాకు నచ్చదు.

జాంగ్ 1983 మే 2న హెనాన్ ప్రావిన్స్‌లో పుట్టాడు. అప్పటికి చైనాలో బాక్సింగ్ మీద నిషేధం ఉంది. మావో కాలంలో, 1959లో, ఇది మనకు తగని క్రూరమైన ఆట అని ఆపేశారు. 1979లో మహమ్మద్ అలీ చైనా వెళ్లి డెంగ్ జియావోపింగ్‌ని కలిసినా నిషేధం ఎత్తేయడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. 1986లో గేట్లు తెరిచారు. అప్పటికి మన వాడికి మూడేళ్లు. పాత ఛాంపియన్లు, వాళ్ల దగ్గర నేర్చుకున్న కోచ్‌లు, సందుకో జిమ్ము, ఇవేవీ లేని దేశంలో, అందులోనూ పొట్టివాళ్లు, తేలికవాళ్లు బాగా ఆడతారని పేరున్న చోట, ఆరున్నర అడుగుల ఎడమచేతి వాటం కుర్రాడు దొరికితే ప్రభుత్వ క్రీడా వ్యవస్థ వదులుతుందా? తిండి, పడక, కోచ్, జీతం అన్నీ సర్కారువే. బదులుగా పతకం తేవాలి.

తెచ్చాడు కూడా. 2007లో షికాగోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం. 2008లో సొంత గడ్డ బీజింగ్‌లో ఒలింపిక్స్ సూపర్ హెవీవెయిట్ ఫైనల్. ఆ రోజు ఆగస్టు 24, ఒలింపిక్స్ ఆఖరి రోజు. అదే రోజు చైనా బాక్సర్లు జౌ షిమింగ్, జాంగ్ జియావోపింగ్ ఇద్దరూ బంగారు పతకాలు కొట్టారు, హాలంతా ఊగిపోతోంది, ఆఖర్న పెద్దాయన వంతు. ఎదురుగా ఇటలీ రాబర్టో కమ్మరెల్లె, పొడుగు తక్కువైనా కాలూ చెయ్యీ తెలివిగా కదిపే మొండిఘటం. నాలుగో రౌండ్‌లో రిఫరీ ఫైట్ ఆపేశాడు. రజతం. ఒక కొత్త బాక్సింగ్ దేశానికి సూపర్ హెవీలో రజతమంటే మామూలు విషయం కాదు గానీ, ఆ సాయంత్రం ఆ హాల్లో అది రజతంలా కనిపించి ఉండదు.

మామూలుగా వేరే దేశాల్లో అయితే కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. ఒలింపిక్స్ పతకం మెడలో పడగానే ప్రమోటర్ వస్తాడు, చెక్కు రాస్తాడు, ఆరు నెలల్లో ప్రొఫెషనల్ మొదటి ఫైట్. జాంగ్‌కి అప్పుడు పాతికేళ్లు, హెవీవెయిట్‌కి సరిగ్గా పండే వయసు. కానీ పతకం తెచ్చినవాడిని వ్యవస్థ ఇంకో పతకానికి ఉంచుకుంది. 2009లో మిలాన్‌లో మళ్లీ ప్రపంచ కాంస్యం, 2010లో గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో బంగారం, 2012లో లండన్.

లండన్ క్వార్టర్ ఫైనల్ గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. ఒక మూల 29 ఏళ్ల జాంగ్, ఇంకో మూల బ్రిటన్‌కి చెందిన 22 ఏళ్ల ఆంటొనీ జాషువా. 15-11తో జాషువా గెలిచాడు, తర్వాత ఫైనల్లో అదే కమ్మరెల్లెతో 18-18 టై అయితే, దెబ్బలు మళ్లీ లెక్కేసే కౌంట్‌బ్యాక్‌లో బంగారం ఎత్తుకెళ్లాడు. మరుసటి ఏడాది 2013 అక్టోబర్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు, 2016 ఏప్రిల్‌లో తన 16వ ఫైట్‌లోనే ప్రపంచ ఛాంపియన్ బెల్టు కట్టుకున్నాడు. జాంగ్ మొదటి ప్రొఫెషనల్ ఫైట్ 2014 ఆగస్టులో. అమెరికాలో, నెవాడాలోని ఫాలన్ అనే చిన్న ఊళ్లో. ఎదుటివాడు మొదటి రౌండ్‌లోనే పడిపోయాడు. ఒకే రింగులో ఆడిన ఇద్దరిలో ఒకడు రెండున్నరేళ్లలో బెల్టు దాకా వెళ్లిపోతే, రెండోవాడు మొదలుపెట్టడానికే రెండేళ్లు పట్టింది, అప్పటికి వయసు 31.

చైనా ఒలింపిక్ విజేతలకి ప్రొఫెషనల్ దారి వేసింది జౌ షిమింగే, అదీ రెండు ఒలింపిక్ బంగారాలు ఇచ్చేశాక, 31వ ఏట. అతను 2016 నవంబర్‌లో లాస్ వేగాస్‌లో ఫ్లైవెయిట్ టైటిల్ గెలిచి, 2017 జులైలో షాంఘైలో జపాన్ బాక్సర్ షో కిమురా చేతిలో పోగొట్టుకున్నాడు. ఇద్దరికీ అదే 31 అంటే మాకు కాకతాళీయం అనిపించడం లేదు. రసం పిండుకున్నాక చెరుకు గెడ చేతికిచ్చినట్టుంది.

ఇప్పుడు దమ్ము సంగతి. బీజింగ్‌లో అమెచ్యూర్ (ఒలింపిక్స్ తరహా) ఫైట్ అంటే రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు, మొత్తం ఎనిమిది నిమిషాలు. లండన్‌లో మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, తొమ్మిది నిమిషాలు. అప్పట్లో జడ్జీలు బటన్లు నొక్కేవాళ్లు, తాకిన దెబ్బకి పాయింటు, గట్టిగా తగిలినా మెల్లగా తగిలినా ఒకటే. పదిహేనేళ్లపాటు ఒక ఒంటికి ఈ తొమ్మిది నిమిషాల పరుగు నేర్పి, 31 ఏళ్లొచ్చాక 'బాబూ, ఇక నుంచి పన్నెండు రౌండ్లు, 36 నిమిషాలు' అంటే ఆ ఒళ్లు ఏం చేస్తుంది? వంద మీటర్లవాడిని మారథాన్‌లో దించి చివర్లో ఆయాసపడ్డాడని నవ్వడం ఎంత న్యాయమో ఇదీ అంతే. పైగా తేలికవాళ్లకైతే కొంత సర్దుబాటు ఉంటుంది, ఈ భారీకాయానికి ప్రతి అడుగూ ఖర్చే.

ఇక్కడ ప్రభుత్వ వ్యవస్థ ఒక్కదాన్నే దోషిగా నిలబెడితే మాదీ ఏకపక్షమే అవుతుంది. ప్రొఫెషనల్ అయ్యాక మొదటి ఆరేళ్లూ ఏం జరిగింది? 22 ఫైట్లు, 22 గెలుపులు, వాటిలో చాలావరకు రెండు మూడు రౌండ్లలో పడిపోయే ప్రత్యర్థులే. చూడ్డానికి బాగుంటుంది, పోస్టర్ మీద '22-0' అని వేసుకోవచ్చు. బడిలో పిల్లాడికి ఆరేళ్లపాటు ఒకటో ఎక్కమే అప్పజెప్పించుకుని, ఏడో ఏట ఏకంగా పన్నెండో ఎక్కం అడిగినట్టు. ప్రమోటర్ల లెక్కలు వాళ్లవి, కాదనం. కానీ పదో రౌండ్‌లో ఎలా ఊపిరి దాచుకోవాలో పదో రౌండ్‌లోనే తెలుస్తుంది, ఇంకెక్కడా తెలియదు.

ఆ బిల్లు 2021 ఫిబ్రవరిలో మయామిలో వచ్చింది. ఫారెస్ట్‌ని మొదటి, రెండో, మూడో రౌండ్లలో వరసగా పడేశాడు. నాలుగు నుంచి కథ తిరగబడింది. చెయ్యి వేయడం మానేసి పట్టుకుని వేలాడడం మొదలుపెట్టాడు, అప్పటిదాకా పడుతూ లేస్తూ ఉన్నవాడు వెంటపడి కొడుతున్నాడు, పది రౌండ్లయ్యాక డ్రా. నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు. ఫైట్ తర్వాత నేరుగా ఆస్పత్రి. రక్తహీనత, కిడ్నీలు దెబ్బతిన్న సూచనలు ఉన్నాయని ఆయన శిబిరం తర్వాత చెప్పింది. అంటే ఆఖరి ఏడు రౌండ్లు ఆ మనిషి ఆ ఒంటితో నిలబడ్డాడు. దాన్ని దమ్ము లేకపోవడం అంటారో ఇంకేమంటారో చదివేవాళ్ల ఇష్టం.

2022 ఆగస్టులో జెద్దాలో హర్గోవిచ్‌తో మొదటిసారి పూర్తి పన్నెండు రౌండ్ల పరీక్ష. మొదటి రౌండ్‌లోనే క్రొయేషియా వాడు కింద పడ్డాడు. ముగ్గురు జడ్జీలూ హర్గోవిచ్‌కే ఇచ్చారు గానీ తేడా చాలా తక్కువ, ఒక జడ్జి దగ్గరైతే 114-113. ఒక్క పాయింటు! ఆ రాత్రి జాంగే గెలిచాడన్న జనం చాలామంది. మా ఓటూ అటే.

ఆ తర్వాతి ఏడాది మాత్రం అతనిదే. 2023 ఏప్రిల్ 15, లండన్ కాపర్ బాక్స్. ఎదుట జో జాయ్స్, అప్పటికి ఓటమి ఎరగనివాడు, దవడ రాయితో చెక్కినట్టుంటుందని పేరు, రియోలో ఒలింపిక్ రజతం తెచ్చుకున్నవాడు. ఎంత కొట్టినా ముందుకే నడిచే రకం. జాంగ్ ఏమీ హడావుడి పడలేదు. జాయ్స్ అడుగు ముందుకేసిన ప్రతిసారీ ఆ ఎడమ చెయ్యి తిన్నగా వచ్చి కుడి కంటి మీద పడుతోంది, మళ్లీ అక్కడే, మళ్లీ అక్కడే. ఒక్కో రౌండ్‌కీ ఆ కన్ను ఇంకాస్త మూసుకుపోతోంది, ఆఖరికి రెప్పల మధ్య గీత కూడా మిగలనంత వాచింది. కన్ను కనపడకపోతే అటునుంచి వచ్చే ఎడమ చెయ్యీ కనపడదు, కనపడనిది తప్పించుకోవడం కుదరదు, అందుకే ఇంకా తగులుతోంది. ఆరో రౌండ్‌లో డాక్టర్ చూసి చాలన్నాడు. ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీఓ తాత్కాలిక బెల్టు చైనాకి వెళ్లింది. ఇంకో పదిహేడు రోజులైతే అతనికి నలభై నిండుతాయి.

సెప్టెంబర్‌లో వెంబ్లీలో మళ్లీ ఆడారు. ఈసారి జాయ్స్ ఎడమ చెయ్యికి జాగ్రత్తపడ్డాడు. జాంగ్ కుడి హుక్, అంటే చెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ, వేశాడు. మూడో రౌండ్‌లో అయిపోయింది.

ఇక 2024లో రియాద్‌లో రెండు రాత్రులు. మార్చిలో పార్కర్‌ని మూడో రౌండ్‌లో, ఎనిమిదో రౌండ్‌లో పడేసి కూడా పాయింట్లలో ఓడిపోయి తాత్కాలిక బెల్టు అప్పగించాడు. ఒక జడ్జి 113-113 అన్నాడు, మిగతా ఇద్దరూ పార్కర్ వైపు మొగ్గారు. ఇక్కడ మాత్రం జాంగ్‌ని వెనకేసుకు రాలేం. పడేసిన రౌండ్ల మధ్య చేతులు కట్టుకున్నట్టు నిలబడి ఎన్నో రౌండ్లు ఊరికే ఇచ్చేశాడు. జూన్ 1న అదే ఊళ్లో డియోంటే వైల్డర్. ఒకప్పుడు హెవీవెయిట్ మొత్తం భయపడిన కుడి చెయ్యి వైల్డర్‌ది. ఐదో రౌండ్‌లో జాంగ్ కుడి హుక్ ఒకటి తగిలి వైల్డర్ గిర్రున పక్కకి తిరిగిపోయాడు, మళ్లీ ఇటు తిరిగేసరికి రెండోది సిద్ధంగా ఉంది. 41 ఏళ్లవాడు చేసిన పని ఇది.

గమనించారా, పెద్ద గెలుపులు మూడూ ఆరో రౌండ్ దాటకుండానే. ఆరు రౌండ్లంటే 18 నిమిషాలు. కబాయెల్ ఆ లెక్క చదువుకునే వచ్చాడు. 2025 ఫిబ్రవరిలో, మళ్లీ రియాద్‌లోనే, మొదటి నుంచీ పొట్ట మీదే కొట్టాడు. ఐదో రౌండ్‌లో తాను కింద పడ్డా లేచి మళ్లీ అదే చోట కొట్టాడు. ఆరో రౌండ్‌లో పక్కటెముకల కింద తగిలిన దెబ్బకి జాంగ్ కూలబడ్డాడు, రిఫరీ పది లెక్కపెట్టేదాకా లేవలేకపోయాడు.

మన వైపు చూస్తే పోలిక కొంత దొరుకుతుంది. బీజింగ్‌లో జాంగ్‌కి రజతం వచ్చిన ఒలింపిక్స్‌లోనే విజేందర్ సింగ్‌కి కాంస్యం వచ్చింది. విజేందర్ కూడా ప్రొఫెషనల్ అయింది 2015లో, ముప్పైకి దగ్గరపడ్డాకే. మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌ని పారిస్ ఒలింపిక్స్‌లో 5-0తో ఆపిన వూ యూ కూడా జాంగ్ పెరిగిన చైనా వ్యవస్థ నుంచే వచ్చింది, ఆ అమ్మాయి బంగారమూ తీసుకెళ్లింది. నిఖత్‌కి తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది, మంచిదే, సంతోషించాం. సర్కారు పతకానికి భద్రత ఇస్తుంది, వయసుకి ఇవ్వదు. ఇక్కడా అక్కడా బాక్సర్ ఎప్పుడు ఆట మార్చుకోవాలో నిర్ణయించే కుర్చీలో కూర్చునేది బాక్సర్ మాత్రం కాదు.

చైనా మీద మాకేం కోపం లేదు, ఆ వ్యవస్థే లేకపోతే హెనాన్ కుర్రాడికి గ్లోవ్స్ చేతికొచ్చేవే కావేమో. 2008 సెప్టెంబర్‌లో, పతకం ఇంకా కొత్తగా మెరుస్తున్నప్పుడు, వెళ్లిరా అని పంపి ఉంటే చాలు. పాతికేళ్ల ఒంటితో, నెమ్మదిగా నాలుగు రౌండ్ల నుంచి ఆరు, ఆరు నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి పన్నెండు. అప్పటి హెవీవెయిట్లలో ఆ బరువుని ఏలుతున్న క్లిచ్కో సోదరులు ఉన్నారు, అంత సులువేం కాదు. అయినా ఆ ఎడమ చెయ్యి అప్పుడూ ఇదే. కబాయెల్ ఫైట్ నాటికి 31 ఫైట్లు ఆడాడు, తాత్కాలిక బెల్టు ఒకటి కట్టుకున్నాడు, పూర్తి స్థాయి ప్రపంచ టైటిల్ కోసం మాత్రం ఒక్కసారి కూడా రింగులోకి దిగే అవకాశం రాలేదు.