రోల్ బార్ వేయిస్తే రోడ్డు మీద కూడా ఢోకా లేదంటారా?

బెజవాడ, గుంటూరు కార్ల పిచ్చోళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. రోల్ బార్ అంటే కారు బోర్లా పడినా లోపలివాళ్ల తల నలగకుండా సీట్ల వెనక నిలబెట్టే స్టీలు పైపు చట్రం. మెసేజ్ సారాంశం ఇదీ: "రేసు ట్రాక్ మీదకు తీసుకెళ్లే కారుకు ఆటోనగర్‌లో లావు పైపుతో రోల్ బార్ వేయించండి. రెండు భుజాల మీదుగా, నడుం చుట్టూ బిగించే నాలుగు పాయింట్ల బెల్టు దానికే కట్టుకోండి. బాడీ గట్టిపడి హ్యాండ్లింగ్ మారిపోతుంది. రోజూ ఆఫీసుకు అదే కారులో వెళ్లినా ప్రాణానికి ఢోకా లేదు. లోపల ఉండేదే కాబట్టి ఎవరూ అడగరు." నేనూ ఆ పిచ్చోళ్లలో ఒకణ్నే. అందుకే ఒక్కో ముక్కా విడదీసి చూడాలనిపించింది.

ముందు ఆ "లావు పైపు" సంగతి. ఆటోనగర్ పనితనం మీద నాకు అనుమానం లేదు. అనుమానమంతా పైపు మీదే. కొలత చెప్పకుండా లావు పైపు అంటే దొరికేది గేట్లకు, షెడ్లకు వాడే అతుకు పైపు, కాదంటే నీళ్ల జీఐ పైపు. ప్రపంచ మోటారు రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ నిబంధనలు ప్రధాన బార్‌కు అడిగేది వేరు. వేడి చేయకుండా సాగదీసిన (కోల్డ్ డ్రాన్), అతుకు లేని (సీమ్‌లెస్) కార్బన్ స్టీల్ కావాలి. 45 మిల్లీమీటర్ల వ్యాసానికి 2.5 మందం, లేదా 50కి 2 మందం ఉండాలి. లాగినా తెగకుండా తట్టుకునే బలం కనీసం 350 మెగాపాస్కల్స్ ఉండాలి. పైపును వేడి చేయకుండానే వంచాలి, వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి మూడు రెట్లకు తగ్గకూడదు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచితే లోహం గుణమే మారిపోతుంది. వంపు లోపలి అంచున ముడత పడిందంటే, బరువు పడ్డ రోజు సరిగ్గా అక్కడే మడతపడుతుంది. జీఐ పైపైతే మరీ దారుణం. మీద ఉన్న జింకు పొగై వెల్డర్‌కు జ్వరం తెప్పిస్తుంది, అతుకులో బుడగలు మిగులుస్తుంది.

మెసేజ్ రాసినవాళ్లు అసలు తలుచుకోని విషయం, బార్ కాళ్లు ఎక్కడ ఆనుతాయన్నది. కారు ఫ్లోరు రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. కారు బోర్లా పడితే, బరువంతా మోసే పైపు బురదలో కుర్చీ కాలు దిగినట్టు ఆ రేకులోకి దిగిపోతుంది. అందుకే బోల్టుతో బిగించే ప్రధాన బార్ ఒక్కో కాలి దగ్గర 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న స్టీలు పలక వేసి, ఎం8కి (8 మిల్లీమీటర్లకు) తగ్గని బోల్టులు కనీసం మూడు బిగించాలని నిబంధన. డ్రిల్ పెట్టే ముందు కింద బ్రేకు పైపు, పెట్రోలు పైపు, వైరింగ్ ఎటు పోతున్నాయో కార్పెట్ ఎత్తి చూడాలి. బోల్టు రంధ్రాలకు సీలెంట్ సరిగా పెట్టకపోతే వానాకాలంలో ఫ్లోరు తుప్పు పట్టడం ఖాయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో కార్లు నీళ్లలో నానడం చూసిన ఊరికి తుప్పు గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

"రోజూ ఆఫీసుకు వెళ్లినా ఢోకా లేదు" అన్న మాట దగ్గరే నాకు అసలు టెన్షన్. రేసు కారులో బార్, హెల్మెట్, రేసింగ్ సీటు, బెల్టు ఒకదాన్ని నమ్ముకుని ఒకటి పనిచేస్తాయి. ఆఫీసుకు హెల్మెట్ పెట్టుకుని ఎవరూ వెళ్లరు కదా. బందరు రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు వెనక నుంచి ఏ లారీయో గుద్దిందనుకుందాం. సీటు వీపు వెనక్కి వాలుతుంది, దాంతోపాటే తల వెనక్కి, కాస్త పైకి పోతుంది. మామూలు కారులో అక్కడ ఖాళీ ఉంటుంది. ఈ కారులో స్టీలు పైపు ఉంటుంది. పొడుగ్గా ఉండి సీటు బాగా వెనక్కి జరుపుకునేవాళ్లకు ఆ దూరం ఇంకా తక్కువ. ఏసీ పైపులకు చుట్టే నల్ల స్పాంజి చుట్టేస్తే సరిపోతుందనుకోవద్దు. వేలితో నొక్కితే అణిగిపోయే స్పాంజి తలను ఏం ఆపుతుంది? హెల్మెట్ తగిలే చోట ఎఫ్ఐఏ కోరే 8857-2001 టైప్ ఏ ప్రమాణం ప్యాడింగ్ చేత్తో పట్టుకుంటే చెక్కలా గట్టిగా ఉంటుంది. అదైనా లెక్క వేసుకున్నది హెల్మెట్ ఉన్న తలకే. ఇక వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెడితే, సరిగ్గా వాళ్ల ముఖానికి ఎదురుగా అడ్డ పైపు.

"మాది ట్రాక్ కారే కదా" అనేవాళ్లు దూరం లెక్కేసుకోండి. మనకు అందుబాటులో ఉన్న ట్రాక్ శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోది. ఒక ల్యాప్ సుమారు 3.7 కిలోమీటర్లు. ఇరవై ల్యాపులు కొట్టినా 75 కిలోమీటర్లు దాటదు. దాని కోసం ఒంగోలు, నెల్లూరు మీదుగా రానూపోనూ 900 కిలోమీటర్ల దాకా హెల్మెట్ లేకుండా నడుపుతాం.

నాలుగు పాయింట్ల బెల్టు సలహా అన్నిటికన్నా ప్రమాదకరం. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేకుండా భుజం పట్టీలు బిగిస్తే, నడుం పట్టీ పైకి జారి పొట్ట మీదకు వస్తుంది. గుద్దుకున్నప్పుడు మనిషి దాని కింద నుంచి ముందుకు జారిపోతాడు, తుంటి ఎముక మోయాల్సిన దెబ్బ పేగులు, కాలేయం మోస్తాయి. అదలా ఉంచితే, భుజాలను సీటుకు కట్టేసినప్పుడు ముందుకు కదిలేది తల ఒక్కటే. భారమంతా మెడ మీద, పుర్రె అడుగు ఎముక మీద పడుతుంది. 2001 ఫిబ్రవరిలో డేటోనా రేసులో అమెరికా రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయింది పుర్రె అడుగు ఎముక విరిగే. భుజాల మీద ఆనుకుని, హెల్మెట్‌ను పట్టి తలను ఆపే హన్స్ పరికరం ఆయన వాడలేదు. తల, మెడకు రక్షణనిచ్చే పరికరాన్ని అమెరికా రేసింగ్ సంస్థ నాస్కార్ ఆ ఏడాదే తప్పనిసరి చేసింది. ఫార్ములా వన్‌లో 2003 నుంచి హన్స్ తప్పనిసరి. ఆ పరికరం హెల్మెట్‌కు తగిలిస్తేనే పనిచేస్తుంది. కంపెనీ ఇచ్చిన మూడు పాయింట్ల బెల్టు తక్కువదేం కాదు, ఎయిర్‌బ్యాగ్‌తో లెక్క కలిపి తయారు చేసింది. రోడ్డు మీద దాన్నే పెట్టుకోవాలి. పైగా రేసింగ్ బెల్టు బిగించుకుని బెంజ్ సర్కిల్ దగ్గర సర్వీసు రోడ్డు నుంచి వచ్చే బైకుల కోసం ముందుకు వంగి చూడండి, తెలుస్తుంది.

బాడీ గట్టిపడుతుందా? టాప్ లేని కారులో కొంత నిజమే. గట్టి టాప్ ఉన్న కారులో బోల్టు బార్ వల్ల మామూలు మనిషికి తెలిసే తేడా పెద్దగా ఉండదు, సుమారు ఇరవై కేజీల బరువు మాత్రం కచ్చితంగా పెరుగుతుంది.

"ఎవరూ అడగరు" అంటున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా కారును మార్చకూడదు. బార్ కోసం వెనక సీటు పీకేస్తే సీట్ల సంఖ్యే మారిపోతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పోలీసులు అడగకపోయినా, ప్రమాదం తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయర్ అడుగుతాడు. మామూలు పాలసీ రేసులకు, స్పీడ్ టెస్టింగ్‌కు వర్తించదని అందులోనే రాసి ఉంటుంది.

రోల్ బార్ అసలు వద్దని కాదు. టాప్ తీసే కారుతో ట్రాక్ మీదకు వెళ్తే బోర్లా పడ్డప్పుడు తలను కాపాడేది అదే. బాక్‌స్టర్, జెడ్4 లాంటి వాటికి సీట్ల వెనక హూప్‌లు (వంపు తిరిగిన రక్షణ బార్లు) కంపెనీ నుంచే వస్తాయి. అవి సరిపోతాయో లేదో తెలుసుకోవడానికి సొంత కార్లను రేసు ట్రాక్ మీద నడపనిచ్చే విదేశీ ట్రాక్ డేల్లో చీపురుకర్ర పరీక్ష చేస్తారు. హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చోవాలి, బార్ పైనుంచి ముందు అద్దం పై అంచుకు కర్ర ఆనించాలి. హెల్మెట్ ఆ కర్రకు రెండంగుళాలైనా కిందికి ఉండాలి. బార్ వేయించాల్సే వస్తే తలకు అందనంత దూరంగా, సీటు వీపుకు పూర్తిగా వెనక, బోల్టుతో విప్పదీయగలిగేలా వేయించుకోండి. ఆ కారులో వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు.

పోలో, స్విఫ్ట్ లాంటి గట్టి టాప్ కారుతో ఏడాదికి ఒకటో రెండో ట్రాక్ డేలకు వెళ్లేవాళ్లకు ముందుగా చేతులెత్తేసేది బ్రేకులు. బ్రేకు ఫ్లూయిడ్ మరిగిందంటే పెడల్ నేలకు దిగిపోతుంది. రోల్ బార్‌కు దాచిన డబ్బుతో ముందు మంచి బ్రేకు ప్యాడ్లు, కొత్త డాట్ 4 రకం బ్రేకు ఫ్లూయిడ్, తలకు సరిపడే హెల్మెట్ కొనుక్కోండి.