పన్నెండు మంది చెప్తే సరిపోతుందా?

అమెరికాలో ఒక మనిషిని దోషి అనాలంటే జ్యూరీ అని కూర్చోబెట్టిన పన్నెండు మంది మామూలు జనం ఒక్కమాట మీదికి వస్తే చాలట. మరీ ఇంత అగ్గువా? హనుమకొండ అదాలత్ సెంటర్‌లో సాయంత్రం ఏ చాయ్ బండి దగ్గర చూసినా అంతకంటే ఎక్కువ మందే ఉంటారు, పైగా వాళ్లలో ఒక్కరు కూడా కేసు కాగితాలు చదివి మనసు పాడుచేసుకున్నవాళ్లు కారు.

అమెరికా హాస్యనటుడు బిల్ కాస్బీ సంగతే చూడండి. 1984 నుంచి 1992 దాకా టీవీలో డాక్టరు నాన్నగా నవ్వించి, దేశం మొత్తానికి నాన్న అనిపించుకున్నాడు. మన దగ్గర ఆయనకు ఫ్లెక్సీలు కట్టినవాళ్లు లేరు, నిజమే, కానీ అభిమాని అనేవాడు ఫిలడెల్ఫియాలో ఉన్నా పరకాలలో ఉన్నా ఒక్కటే గోత్రం. అరవై మంది దాకా ఆడవాళ్లు ఆయన మీద లైంగిక దాడి, వేధింపుల ఆరోపణలు చేశారు. ఒక్కామె చెప్తే సాక్ష్యం చాలదంటాం, అరవై మంది చెప్తే కుట్ర అంటాం, ఎంతమంది చెప్తే నిజమవుతుందో మాత్రం మన గోత్రంలో ఎవరూ ఇంతవరకు తేల్చలేదు.

వాళ్లలో ఒకామె కేసులో, 2017లో మొదటి జ్యూరీ ఎటూ తేల్చలేక చేతులెత్తేసింది. అప్పుడు జ్యూరీని మించిన వ్యవస్థ లేదు! 2018 ఏప్రిల్‌లో రెండో జ్యూరీ, ఏడుగురు మగవాళ్లు, ఐదుగురు ఆడవాళ్లు, మూడు అభియోగాల్లోనూ దోషి అనేసరికి, "దారిన పోయేటోళ్లను పిలిచి కూసోబెడితే ఇట్లనే ఉంటది అన్నా" అయింది. అంతకుముందు "కోర్టు చెప్పేదాకా ఆగుండ్రి" అన్నది కూడా మనమే. కోర్టు చెప్పింది, మనం ఇంకా ఆగే ఉన్నాం.

మన దేశంలోనూ జ్యూరీలు ఉండేవి. 1959లో బొంబాయిలో భార్య ప్రియుణ్ని కాల్చిన నేవీ ఆఫీసర్ నానావతిని ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరే కాదన్నారు. జ్యూరీ అంటే అదీ! మనిషి అందగాడు, ఒంటి మీద తెల్ల యూనిఫాం, వెనకాల పత్రిక అండ, ఇంక సాక్ష్యాలెందుకు? హైకోర్టు ఆ తీర్పును పక్కన పడేసి యావజ్జీవం వేసింది. కొన్నేళ్లకు జ్యూరీలే పోయాయి. అభిమానులకు రాజ్యంలో దక్కిన ఒకే ఒక్క అధికారం అట్లా చేజారింది.

2021లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు కాస్బీ శిక్ష కొట్టేసింది. ఇక పటాకులే. ఎందుకు కొట్టేసిందో చదవడం అభిమాని పని కాదు గానీ, నాలాంటి పనిలేనివాడు చదివితే తేలిందేమిటంటే, కేసు పెట్టబోనని 2005లో ప్రాసిక్యూటర్, అంటే సర్కారు వకీలు, చెప్పాడు, ఆ ధైర్యంతో కాస్బీ సివిల్ కేసులో నోరు విప్పి, ఆడవాళ్లకు ఇవ్వడానికి మత్తు మాత్రలు తెచ్చుకున్నానని తానే ఒప్పుకున్నాడు, తర్వాత ఆ మాటలనే ఆయన మీద వాడారు, అట్లా చేయకూడదంది కోర్టు. కాస్బీ ఆ పని చేయలేదని మాత్రం కోర్టు ఎక్కడా అనలేదు. 2022లో కాలిఫోర్నియాలో ఇంకో జ్యూరీ, 1975 నాటి ఒక మైనరు అమ్మాయి విషయంలో సివిల్ కేసు విని, 5 లక్షల డాలర్లు కట్టమంది. ఆ రోజు పటాకుల దుకాణం బంద్.

మనకు సాక్ష్యాల పట్టింపు లేదని మాత్రం ఎవరూ అనకండి. గల్లీలో సైకిల్ పోతే, కొత్తగా కనపడ్డ పోరణ్ని కరెంటు స్తంభానికి కట్టేయడానికి ఎర్రచొక్కా ఒక్కటే చాలు. పెద్దవాళ్ల విషయంలోనే మనకు న్యాయశాస్త్రం గుర్తొస్తుంది.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి ఏమిటంటే, పేరున్నవాళ్ల కేసులన్నీ ఇకమీదట అదాలత్ సెంటర్ చాయ్ బండికి బదిలీ చేయాలి. అసలు కోర్టు పక్కనే ఉంది, వకీలు సార్లు ఎట్లాగూ అక్కడికే వస్తారు, బిల్డింగ్ ఖర్చు కూడా మిగులుతుంది. ఈ ప్రతిపాదన బెంచి ముందు పెడితే అందరూ ఒప్పుకున్నారు. ఫిర్యాదు చేసినామెను కూడా పిలుద్దామా అని ఒక కుర్రాడు అడిగాడు గానీ, బెంచి మీద జాగ లేదన్నారు.