లింకన్ పార్టీ ఫార్వర్డ్‌లో వదిలేసిన సంగతులు

అమెరికాలో ఉన్న మనవాళ్ళ గ్రూపుల్లో ఎలక్షన్ వచ్చినప్పుడల్లా ఒక మెసేజ్ తిరుగుతుంది చూశారా, బానిసల్ని విడిపించింది రిపబ్లికన్లు, నల్లవాళ్ళ మీద దాడులు చేసిన కు క్లక్స్ క్లాన్ పెట్టింది డెమొక్రాట్లు, జాతి వివక్షని నిషేధించిన 1964 సివిల్ రైట్స్ చట్టానికి ఎక్కువ శాతం ఓటేసింది కూడా రిపబ్లికన్లే, ఆ తర్వాత జాతి విషయంలో పార్టీలు తారుమారయ్యాయి అనేది కట్టుకథ, అని. ఇందులో పచ్చి అబద్ధాలు తక్కువే, మింగేసినవే ఎక్కువ.

రిపబ్లికన్ ప్రెసిడెంట్ లింకన్ సంగతి కరెక్టే. 1865లో బానిసత్వం రద్దు, 1870లో నల్లజాతి మగవాళ్ళకి ఓటు, ఆ పార్టీ పుణ్యమే. కానీ 1876 ఎలక్షన్ గొడవలో తమ క్యాండిడేట్ హేస్‌ని ప్రెసిడెంట్ చేసుకున్నాక, 1877లో దక్షిణాదిన కాపలా ఉన్న సైన్యాన్ని పక్కకి తప్పించి నల్లవాళ్ళని వాళ్ళ ఖర్మకి వదిలేసింది కూడా ఆ పార్టీయే.

క్లాన్‌ని పెట్టింది అంతర్యుద్ధంలో ఓడిన కాన్ఫెడరేట్ (బానిసత్వం కోసం దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల) సైనికులు, లాభపడింది మాత్రం డెమొక్రాట్లు, ఒప్పుకోవాల్సిందే. డెమొక్రాట్ ప్రెసిడెంట్ విల్సన్ హయాంలో ఫెడరల్ ఆఫీసుల్లోనే నల్లవాళ్ళని విడిగా కూర్చోబెట్టారు.

ఇక 1964. అసలు మాయంతా ఇక్కడే. సెనేట్‌లో రిపబ్లికన్లు 27 మంది అవునన్నారు 6గురు కాదన్నారు, డెమొక్రాట్లు 46 అవును 21 కాదు, సో పర్సెంటేజీలో రిపబ్లికన్లే పైన. ఇప్పుడు పాత కాన్ఫెడరేట్ రాష్ట్రాలు పదకొండింటినీ విడదీసి చూడండి, అక్కడ డెమొక్రాట్లు 21 మందిలో ఒక్కడే అవునన్నాడు, ఉన్న ఒకే ఒక్క రిపబ్లికన్ కాదన్నాడు. మిగతా దేశంలో డెమొక్రాట్లు 45-1, రిపబ్లికన్లు 27-5. అంటే ఏ ప్రాంతం తీసుకున్నా డెమొక్రాట్ల శాతమే ఎక్కువ, రెండూ కలిపేస్తే తిరగబడుతుంది, ఎందుకంటే దక్షిణాది దాదాపు మొత్తం డెమొక్రాట్ల చేతిలోనే ఉంది కాబట్టి. ఓటు పార్టీని బట్టి కాదు, ప్రాంతాన్ని బట్టి చీలింది. కాదన్న ఆ 6గురిలో గోల్డ్‌వాటర్ ఒకడు, రాజ్యాంగం ఒప్పుకోదు అన్నాడు, ఆయన్నే ఆ ఏడాది రిపబ్లికన్లు ప్రెసిడెంట్ క్యాండిడేట్‌గా నిలబెట్టారు. సొంత రాష్ట్రం అరిజోనా కాకుండా ఆయన గెలిచింది అలబామా, జార్జియా, లూసియానా, మిసిసిపీ, సౌత్ కరోలినా. మిసిసిపీలో 87 శాతం! లింకన్ పార్టీకి!!

"డెమొక్రాట్ సెనేటర్లలో థర్మండ్ తప్ప ఎవడూ రిపబ్లికన్లలోకి మారలేదు, క్లాన్‌లో పనిచేసిన సెనేటర్ బర్డ్ చచ్చేదాకా డెమొక్రాటే" అంటారు. బర్డ్ మారలేదు నిజమే, తర్వాత చాలాసార్లు క్షమాపణ చెప్పుకున్నాడు. కానీ మనకి పార్టీ మారడం అంటే ఎమ్మెల్యే కండువా మార్చడమే కదా, ఆ లెక్కతో చూస్తే ఇది అర్థం కాదు, అక్కడ ముందు కదిలింది ఓటర్లు. అదీ రాత్రికి రాత్రి కాదు, కాబట్టి "1964లో తారుమారు" అని ఒక్క ముక్కలో తేల్చేసే అటువైపు వాళ్ళది కూడా తప్పే. నల్లవాళ్ళు 1936లోనే డెమొక్రాట్ ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ వైపు వచ్చేశారు, 1948లో ఆ పార్టీ ప్రెసిడెంటే అయిన ట్రూమన్ సైన్యంలో జాతి విభజన ఎత్తేసిన ఏడాదే థర్మండ్ ప్రెసిడెంట్ పదవికి విడిగా నిలబడి 4 రాష్ట్రాలు గెలిచాడు, దక్షిణాది హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) సీట్లలో రిపబ్లికన్లకి మెజారిటీ వచ్చింది 1994లో, అలబామా శాసనసభ చేతులు మారడానికైతే 2010 దాకా పట్టింది. పాత తరం రిటైరయ్యే కొద్దీ కుర్చీలు ఒక్కొక్కటే అటు పోయాయి.

మరి తెల్లవాళ్ళ కోపాన్ని ఓట్లు చేసుకోవడం అనేది లెఫ్ట్ వాళ్ళు పుట్టించిందేనా? 2005లో రిపబ్లికన్ నేషనల్ కమిటీ ఛైర్మన్ కెన్ మెల్మన్ నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ సభకి వెళ్ళి, మా వాళ్ళు కొందరు జాతుల మధ్య చీలికతో రాజకీయ లాభం చూసుకున్నారు, అది తప్పు అని ఒప్పుకున్నాడు. ఈ ఫార్వర్డ్ రాసినవాడు ఆయన్ని ఏ లెక్కలో వేస్తాడో మరి.