రాత్రి రెండున్నరకు సలహాదారులు కావలెను

నెల్లూరులో పెన్నకు నీళ్ళు రాని ఏడాది ఉండవచ్చు గానీ, చంటిబిడ్డ ఉన్న ఇంటికి సలహాలు రాని పూట ఉండదు. మా పాపకు మొన్ననే అయిదు నెలలు నిండాయి. ఆమె రాత్రిళ్ళు అన్నిసార్లు ఎందుకు లేస్తున్నదన్న విషయమై ఈనాటి వరకు మా ఇంటికి అందిన అభిప్రాయాలను ఒక పాత డైరీలో శ్రద్ధగా రాసిపెట్టుకుంటూ వచ్చాను. మొత్తం నలభై ఒకటి తేలాయి. ఇచ్చినవారిలో బంధువులున్నారు, ఎదురింటివారున్నారు, పాలు పోసే ఆయన ఉన్నాడు. సిలిండరు దించి, రసీదు చింపి చేతిలో పెడుతూ “కడుపు నిండట్లేదు సార్” అని ఒక్క మాటలో తేల్చి వెళ్ళిన గ్యాసు కుర్రాడూ ఉన్నాడు. ఇంతటి నిపుణవర్గంలో ఒక్కరంటే ఒక్కరైనా తమ అభిప్రాయాన్ని రాత్రి రెండున్నర గంటలకు వెల్లడించినవారు లేరన్న సంగతిని ప్రజల దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. ఈ ఆచారాన్ని ఏర్పరచిన పెద్దలు తప్పక మగవారై ఉంటారని, అందులోనూ పొద్దున్నే పనికి పోవలసిన మగవారై ఉంటారని నా దృఢవిశ్వాసం. నా భార్యది కనిగిరి. మూడు నెలల పాటు నేను ప్రతి శనివారం సాయంత్రం బస్సెక్కి అక్కడికి వెళ్ళి, పాప కాళ్ళూ చేతులూ లెక్క చూసుకుని, అత్తగారు పెట్టింది తిని, చల్లగాలి కోసం మిద్దె మీద పడుకుని, తెల్లవారి కిందికి దిగి వచ్చి “రాత్రి పాప బాగా పడుకున్నట్టుందే!” అని సంతోషం ప్రకటించేవాణ్ణి. నా భార్య ఏమీ అనేది కాదు, ఒక చూపు మాత్రం చూసేది. ఆ చూపుకు అర్థం ఆమె సారెతో మా ఇంటికి వచ్చిన రెండో రాత్రికి గాని నాకు బోధపడలేదు.

బోధపడిన మరుసటి ఉదయమే ఇరు కుటుంబాల మధ్య విచారణ మొదలైంది. “మా ఇంట్లో బంగారంలా పడుకునేది, నెల్లూరు దోమలకు బిడ్డ అల్లాడిపోతున్నది” అని అత్తగారు ఫోనులో వాపోయారు. “ఆ కనిగిరి నీళ్ళు ఒంటికి పట్టాక ఇంకెక్కడి నిద్ర?” అని మా అమ్మ వంటింట్లోంచే బదులిచ్చింది. కనిగిరి ప్రాంతపు భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఉన్న మాట ఎంత నిజమో, నెల్లూరులో దోమలున్న మాటా అంతే నిజం. అయితే మా పాప తల్లిపాలు తప్ప ఏ ఊరి నీటిచుక్కా ఎరగదు, పడుకునేది దోమతెరలో. ఈ రెండు వాస్తవాలను నేను సభ ముందుంచగా, “నీకేం తెలుసు, ఊరుకో” అన్న ఒక్క విషయంలో మాత్రం ఉభయపక్షాల మధ్య ఏకాభిప్రాయం కుదిరింది.

పిల్లల డాక్టరమ్మ దగ్గరికీ వెళ్ళాము. పెద్దవాళ్ళ నిద్రలో ఒక్కో విడత తొంభై నిమిషాల దాకా సాగుతుందని, పసిపిల్లలకు అది యాభై అరవై నిమిషాలకే ముగుస్తుందని, విడతకూ విడతకూ మధ్య మనమూ కాస్త మేలుకుంటామని, పక్కకు ఒత్తిగిలి మళ్ళీ నిద్రపోతాము గనుక పొద్దుటికి అది గుర్తుండదని ఆమె ఓపికగా వివరించింది. పసిబిడ్డకు ఒత్తిగిలడం చేతకాదు గనుక అమ్మను పిలుస్తుంది. తల్లిపాలు త్వరగా అరుగుతాయి. కొత్తలో రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు పట్టవలసి రావడం మామూలే. రాత్రికీ పగటికీ తేడా చెప్పే మెలటోనిన్ అనే హార్మోను బిడ్డ ఒంట్లో ఒక పద్ధతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అది కుదిరిందనుకునేలోగా నాలుగో నెలలో నిద్ర తీరే మారి, తగ్గిన మెలకువలు మళ్ళీ పెరగవచ్చు. మా పాప మా గడప తొక్కింది సరిగ్గా అప్పుడే. కనిగిరి మర్యాదా నెల్లూరు మర్యాదా రెండూ నిలిచాయని నేను ఊపిరి పీల్చుకున్నాను. డాక్టరమ్మ ఇది జబ్బు కాదని చెప్పి, ఏ మందూ రాయకుండా పంపించివేసింది. మందు రాయని డాక్టరును మా వీధిలో ఎవరూ నమ్మరు.

కాబట్టి వైద్యం వీధే చేపట్టింది. గ్రైప్ వాటర్ పట్టమన్నవారు ఏడుగురు. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం ఉడ్‌వర్డ్ అనే మందుల తయారీదారు దీన్ని కనిపెట్టాడు. తొలినాళ్ళలో అందులో ఆల్కహాలు కలిసేది. అటువంటప్పుడు ఆ కాలపు పిల్లలు నిద్రపోయారంటే ఆశ్చర్యపోవలసింది లేదు, ఆ కాలపు తండ్రులు దానిని పిల్లలకు వదిలిపెట్టారన్నదే ఆశ్చర్యం. రాగిజావ పోస్తే తెల్లవార్లూ కదలదన్నవారు నలుగురు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదని మనవి చేస్తే, “ఆ సంస్థ వచ్చి ఊపుతుందా బిడ్డను?” అని ఒక పెద్దమ్మ నిలదీసింది. వ్యాసకర్తకు జవాబు తోచని సందర్భాలలో ఇది ఒకటి.

ఇక దిష్టి. మా అమ్మ గుప్పెడు రాళ్ళుప్పు, ఏడు ఎండుమిరపకాయలు పిడికిట బట్టి పాప చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల మీద వేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగానే తగిలిందని శాస్త్రం. మరునాడు మళ్ళీ వేసింది, ఈసారి ఘాటు వచ్చింది. అంటే దిష్టి వదిలిందని నిర్ధారణ అయింది. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ ఉక్కిరిబిక్కిరై దగ్గితే, అప్పుడే కన్నంటిన పాప కాస్తా కేరుమని లేచింది.

ఈ పరిస్థితులలో నేను ప్రభుత్వానికి ఒక ప్రతిపాదన చేయదలచాను. 2019లో మన రాష్ట్రంలో వార్డు సచివాలయాలు ఏర్పడ్డాయి. చంటిబిడ్డ నిద్రను గురించి సలహా ఇవ్వదలచిన పౌరులు పగటిపూట అక్కడ పేరు నమోదు చేయించుకుని, అదే రాత్రి రెండున్నరకు సంబంధిత గృహానికి స్వయంగా హాజరై, వేలిముద్ర వేసి, తమ సలహాను బిడ్డ మీద అమలుచేసి చూపాలి. కుర్చీ ఇవ్వబడదు. ఎత్తుకున్నవారు నిలబడి నడుస్తున్నంత సేపూ ఊరుకుని, కూర్చున్న మరుక్షణమే ఏడుపు లంకించుకునే విద్య పసిబిడ్డలకు పుట్టుకతో అబ్బుతుంది గనుక, ఇవ్వబడినా ప్రయోజనం లేదు.

అన్నింటికన్నా కఠినమైన పరీక్ష బిడ్డను భుజం మీదినుంచి పక్క మీదికి దించడం. 2022లో జిల్లాలు విడిపోయేదాకా శ్రీహరికోట మాదే. అక్కడ రాకెట్టును పైకి పంపడానికి కౌంట్‌డౌన్ పెట్టుకుంటారు. మా ఇంట్లో బిడ్డను కిందికి దించడానికి పెట్టుకోవాలి. ముందు పాదాలు పక్కకు ఆనాలి, తరువాత పిరుదులు, నడుము, వీపు, ఆఖరున తల. తల కింద చిక్కుకున్న అరచేతిని వేలు వెంట వేలుగా లాగుతున్నప్పుడు గాజులు ఒకదానికొకటి తగలకూడదు, అందుకని వాటిని ముందే మోచేతి దాకా ఎగదోసుకుని ఉంచాలి. వంగిన నడుము వెంటనే ఎత్తకూడదు. పాప ఛాతీ మీద చేయి వేసి, ఊపిరి నిదానించేదాకా అలాగే ఉండాలి. అన్నీ సవ్యంగా జరిగి, నిటారుగా నిలబడుతున్న చిట్టచివరి క్షణంలో మోకాలు టక్కుమంటుంది. మళ్ళీ మొదటికి.

గాజుల సంగతి ఇంత వివరంగా నాకెలా తెలుసునని పాఠకులకు అనుమానం రావచ్చు. నా భార్య చెప్పింది.

దాపరికం దేనికి, నాది గాఢనిద్ర. మా నాన్నదీ గాఢనిద్రే, మా తాతదీ గాఢనిద్రేనట. మా వంశంలో ఆడవారికి మాత్రం ఈ లక్షణం ఏ తరంలోనూ సంక్రమించలేదు. గూడూరు వైపు పోయే గూడ్సుబండి కూత వేసినా, పక్కనే పాప గుక్కపట్టి ఏడ్చినా నాకు మెలకువ రాదు. కరెంటు పోయి ఫ్యాను ఆగిందా, అది పూర్తిగా ఆగకముందే లేచి కూర్చుంటాను. ఈ వైరుధ్యాన్ని శాస్త్రజ్ఞులు పరిశీలించాలని కోరుతున్నాను. మా ఇంట్లో దీనికి వేరే వివరణ ప్రచారంలో ఉన్నది.

ఈ వ్యాసాన్ని అచ్చుకు పంపబోయే ముందు మర్యాదకు నా భార్యకు చూపించాను. పాపను భుజాన వేసుకుని, నిలబడే చదివింది. ఒక చోట ఆగి, “రెండున్నరకు సలహా ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరని రాశారు. ఒకరున్నారు కదండీ” అన్నది. ఎవరని అడిగాను. కిందటి వారం ఒక రాత్రి నేను కళ్ళు తెరవకుండానే “కాస్త అవతలి గదిలోకి ఎత్తుకుపోరాదా” అన్నానట. డైరీ తీసి నలభై రెండో అభిప్రాయంగా నమోదు చేశాను.

మాట మార్చుదామని రొట్టెల పండుగ ఎత్తుకున్నాను. రెండేళ్ళ కిందట మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి మేము సంతాన రొట్టె తీసుకున్నాము. కోరిక తీరింది గనుక వచ్చే పండుగకు ఆ రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. విద్య రొట్టె ఉన్నది, ఉద్యోగ రొట్టె ఉన్నది, పెళ్ళి రొట్టె, విదేశీ రొట్టె కూడా ఉన్నాయి. నిద్ర రొట్టె మాత్రం ఎవరూ పట్టుకోగా చూడలేదు, ఈసారి మరి మనమేం తీసుకుందామని అడిగాను.

“మీరు ఆరోగ్య రొట్టె తీసుకోండి” అన్నది, పాపను రెండో భుజానికి మార్చుకుంటూ. “చెవులకు.”