నాన్నగారికి తెలిస్తే తట్టుకోలేరు

తెలుగు సీరియల్లో నిజం చెప్పేసే పాత్ర ఒక్కటైనా ఉండాలని ఈమధ్య కొందరు కోరుతున్నారు. ఇంత బాధ్యత లేని కోరిక నేనెక్కడా వినలేదు. మొదటి ఎపిసోడ్‌లోనే కోడలు "మామయ్యగారూ, మీ అబ్బాయికి వ్యాపారంలో నష్టం వచ్చింది" అనేసిందనుకోండి. ఆయన "అయ్యో, ఎంతమ్మా?" అంటారు. రెండో ఎపిసోడ్‌లో పొలం బేరం పెడతారు. మూడో ఎపిసోడ్ ఏం తీయాలి? మేకప్ వాళ్లు, లైట్ల వాళ్లు, అత్తగారు ఉలిక్కిపడ్డప్పుడల్లా మూడుసార్లు ఢామ్మని వాయించే కీబోర్డు ఆయన, వీళ్లందరి ఇళ్లలో పొయ్యి వెలుగుతోందంటే "నాన్నగారికి తెలిస్తే తట్టుకోలేరు" అన్న ఒక్క డైలాగు పుణ్యమే.

పైగా దీనికి శాస్త్రం ఒప్పుకోలు ఉంది. ఎక్కడెక్కడ బొంకితే పాపం రాదో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి పద్దుల వారీగా చెప్పనే చెప్పాడు. ఆడవాళ్ల సంగతుల్లో, పెళ్లి వ్యవహారాల్లో, ప్రాణానికో డబ్బుకో పరువుకో ముప్పు వచ్చినప్పుడు బొంకవచ్చట. గుండెజబ్బున్న నాన్నగారు పేరుపేరునా ఆ జాబితాలో లేరు కానీ, ప్రాణం పద్దు కింద సర్దేసుకోవచ్చు.

సంప్రదాయం కూడా మనవైపే ఉంది. దశరథుడు పోయాడు. శరీరాన్ని నూనె తొట్టిలో భద్రపరిచి, మేనమామ ఇంట్లో ఉన్న భరతుడి కోసం వసిష్ఠుడు దూతలను పంపాడు. తండ్రి పోయిన సంగతీ అన్న అడవికి వెళ్లిన సంగతీ పొక్కనివ్వకండని మరీ చెప్పి పంపాడు. పాపం భరతుడు, నాన్న బాగున్నాడా, రాముడు బాగున్నాడా అని వరసపెట్టి అడిగాడు. నువ్వు ఎవరి క్షేమం కోరుతున్నావో వాళ్లంతా క్షేమమే అన్నారు దూతలు. "తాతయ్యకు కొంచెం సీరియస్‌గా ఉంది, ఒకసారి వచ్చి వెళ్లు, కంగారేం లేదు" అని మన ఇళ్లలో అర్ధరాత్రి చేసే ఫోనుకు మూలపురుషులు వాళ్లే. కంగారేం లేదు అన్న మాట వినగానే ఊరూవాడా టికెట్లు వెతుక్కోవడం మొదలుపెడుతుంది, అది వేరే సంగతి.

ఇక కుంతి. ఆమె దగ్గర ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "కర్ణుడు మీ అన్న." కృష్ణుడికీ తెలుసు. యుద్ధానికి ముందు కర్ణుడికీ తెలిసింది. ధర్మరాజుకు మాత్రం చెప్పకు, తెలిస్తే రాజ్యం నా చేతిలో పెట్టేస్తాడని కర్ణుడే కృష్ణుణ్ణి అడిగాడు. ఇంతమందీ కలిసి ధర్మరాజు సున్నితమైన మనసును కంటికి రెప్పలా కాపాడారు. ఖర్చు 18 అక్షౌహిణులు. అంతా అయ్యాక, తర్పణాలు వదిలేటప్పుడు, ఆయనకూ ఓ నీళ్లు వదలండి నాయనా అని కుంతి బయటపెట్టింది. ఆ మంటతోనే ఆడవాళ్ల నోట రహస్యం దాగకూడదని ధర్మరాజు శపించాడంటారు. ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదన్న సామెతకు ఈ కథనే చెబుతుంటారు మనవాళ్లు. ఆ శాపం టీవీ సిగ్నల్ దాకా రాలేదని మనవి. మన సీరియల్ కోడలి నోట్లో నువ్వుగింజ నానడం కాదు, మొలకెత్తి, చేనై, కోతై, గానుగాడి నూనె డబ్బాలకెక్కినా ఆవిడ నోరు విప్పదు.

సినిమాలో ఈ పని మగవాళ్లు చూసుకుంటారు. 1981లో దాసరి నారాయణరావు తీసిన ప్రేమాభిషేకంలో హీరోకు క్యాన్సర్. చెబితే హీరోయిన్ తట్టుకోలేదని, వేశ్యతో తిరుగుతున్నట్టు నటించి ఆమెకు తనమీద అసహ్యం పుట్టిస్తాడు. ప్రియుడు చనిపోతాడన్న బాధ కంటే ప్రియుడు వెధవ అన్న బాధ ఆరోగ్యానికి మంచిదని ఆయన లెక్క. జనం ఏడాది పాటు హాళ్లకు వెళ్లి ఆ లెక్కకు ఓటేశారు. నేనూ వేశాను, కర్చీఫ్ తడిసేలా.

కర్చీఫ్ అంటే గుర్తొచ్చింది. సినిమాలో జబ్బు ఏదైనా దగ్గులోనే బయటపడాలి, కర్చీఫ్ తెల్లదే అయ్యుండాలి. హీరో దగ్గుతాడు, ఎర్ర మరక చూసుకుంటాడు, అటూ ఇటూ చూసి దిండు కింద దోపుతాడు. నన్ను చిన్నప్పటి నుంచీ తొలిచేసే ప్రశ్న ఒకటే: ఆ ఇంట్లో బట్టలు ఉతికేది ఎవరు? నెత్తుటి మరక వేణ్నీళ్లలో వేస్తే గట్టిపడిపోతుంది. చన్నీళ్లలో నానబెట్టి, ఉప్పు రాసి రుద్దాలి. అంటే ఆ ఇల్లాలు రోజూ ఒక కర్చీఫ్‌ను విడిగా తీసి, నానేసి, రుద్ది, ఆరేసి, మడతపెట్టి మళ్లీ ఆయన జేబులోనే పెడుతోంది. అయినా ఆవిడకు ఏమీ తెలియదు. త్యాగమూర్తి మాత్రం ఆయన.

మొన్న తెనాలిలో మా పెద్దమ్మ పక్కన కూర్చుని ఏడున్నర సీరియల్ చూశాను. బాత్రూంలో జారిపడి కుడి కాలికి కట్టుతో, పీట మీద కాలు చాపుకుని కూర్చుంది. తెరమీద కోడలు రిపోర్టు కవరు వీపు వెనక దాచుకుని గోడకు ఆనుకుంది. "చెప్పవే! చెప్పి చావవే! నీ మొగుడే కదే!" అని పెద్దమ్మ కర్రతో నేల మీద కొడుతోంది. సరిగ్గా అప్పుడే డల్లాస్ నుంచి అన్నయ్య వీడియో కాల్. పెద్దమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, "ఒరే, ఫోను కాస్త పైకి పట్టు, కాలు పడుద్ది" అని నాకు సైగ చేసింది.

"ఎలా ఉన్నావమ్మా?"

"నాకేం రా, రాయిలా ఉన్నా. పొద్దున గుడికి నడిచే వెళ్లొచ్చా. ఆఫీసుకి బయల్దేరావా?"

"ఆ, ఇదిగో, బయల్దేరుతున్నా." ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చార్జర్ కోసం లేచినప్పుడు కింద లుంగీ కనపడింది. ఉద్యోగం పోయి మూడు నెలలైంది వాడికి. అమ్మకు చెప్పకురా, బెంగ పెట్టుకుంటుందని నాతో ఒట్టు వేయించుకున్నాడు. కాలు సంగతి వాడికి చెప్పనని పెద్దమ్మ దగ్గర అంతకు ముందే ఒకటి వేసి ఉన్నాను.

ఫోను పెట్టేసేసరికి ప్రకటనలు అయిపోయాయి. తెరమీద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మొగుడితో ఒక మాట, పెళ్లాంతో ఒక మాట చెబుతున్నాడు.

"వాళ్లంటే మొగుడూ పెళ్లాలు, ఏదో ప్రేమ," అంది పెద్దమ్మ విసుగ్గా. "అన్నీ తెలిసి మధ్యలో గుడ్లప్పగించి కూర్చున్నాడే, వీణ్ణి అనాలిరా ముందు."

నేను లేచి ఆవిడకు మాత్రలు తీసిచ్చాను.