రెండంగుళాల ఔన్నత్యం

నూజివీడు దగ్గరున్న మా మామిడి తోటకు వెళ్లే బాటలో, చక్రాల జాడలు రెండింటి నడుమ ఒక రాయి పాతుకొని ఉన్నది. నా 1998 నాటి మారుతి జిప్సీ జీపు అటు వెళ్లిన ప్రతిసారీ ఆ రాయి కింది నుంచి, చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె అయిన డిఫరెన్షియల్‌ను ఠంగుమని పలకరించేది. బండికి నేల నుంచి 210 మిల్లీమీటర్ల ఎత్తును తయారీదారులు ఇచ్చారు. రాయికి అంతకన్నా వేలెడు ఎక్కువ భగవంతుడు ఇచ్చాడు. రాయితో తగవు పెట్టుకోవడం కంటే బండిని పైకి లేపడమే గౌరవమని నేను నిశ్చయించి, విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ కట్టలు, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు, చేసే ఒక మేస్త్రిని ఆశ్రయించాను.

జిప్సీకి నాలుగు చక్రాల వద్దా కమాన్ కట్టలే ఉంటాయి గనుక మార్గాలకు కొదవ లేదు. కొత్త కట్టలు, పొడవైన షాక్ అబ్జార్బర్లు కలిపి మొత్తం సెట్టు వేయించడం ఉత్తమమట. అయితే దాని ధర వింటే నేను బండిని కొన్న ధర గుర్తుకొచ్చింది. ఇరుసు కింద ఉన్న కట్టను ఇరుసు పైకి మార్పిస్తే బండి దాదాపు ఐదంగుళాలు లేస్తుంది గానీ, ఆ వెంటనే బ్రేకు గొట్టాలు చాలవు, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం చెడుతుంది, స్టీరింగు కడ్డీ ఏటవాలవుతుంది. కట్టలో ఒక ప్లేటు అదనంగా చేర్పించడం చవకే, కాని ఆ తరువాత గుంతలో పడిన ప్రతి కుదుపూ నడుముకు నేరుగా అందుతుంది. అన్నిటికన్నా చవకైనది షాకిళ్లను, అంటే కట్ట కొసను బండి చట్రానికి తగిలించే ఇనుప లింకులను, పొడిగించడం. నాలుగంగుళాలు పొడిగించమని ఆజ్ఞాపించి, మేస్త్రి ఏదో చెప్పబోతుంటే వారించి, టీ తాగడానికి వెళ్లాను.

తిరిగివచ్చి టేపు పెట్టి చూస్తే బండి లేచినది రెండంగుళాలే. మిగిలిన రెండు ఏమయ్యాయని అడిగితే, ఆయన ఎంతో ఓర్పుతో, "మంచానికి ఒక వైపు కోళ్ల కిందనే ఇటుకలు పెడితే నడుమ పడుకున్నవాడు ఎంత లేస్తాడండీ?" అన్నాడు. కట్టకు ఒక కొస చాసిస్‌కు కదలకుండా బిగించి ఉంటుంది, రెండో కొస మాత్రమే షాకిల్‌కు వేలాడుతుంది; అందువల్ల మధ్యనున్న ఇరుసు వద్ద దక్కేది సగమే. ఇది నేను టీ తాగక ముందు వినవలసిన మాట. పైగా ఇరుసు వంపు మారి, స్టీరింగుకు తనంతట తాను నిటారుకు వచ్చే గుణం తగ్గిపోయింది. ఇంటికి వచ్చే దారి పొడుగునా బండి తప్పతాగినవాడిలా ఇటు కొంత, అటు కొంత నడిచింది.

ఆదివారం మా అత్తగారు తోట చూస్తానన్నారు. ముందు సీటు అందక, వంటింట్లోని ముక్కాలిపీట తెప్పించి, దాని మీదుగా ఆమెను ఎక్కించాము. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, ఆ అనకపోవడమే నూజివీడు దాకా వినబడింది.

రాయి వచ్చింది. నేను గర్వంగా దానిని నడుమకు తీసుకొని ముందుకు పోనిచ్చాను. ఠంగుమన్నది. అదే రాయి, అదే డిఫరెన్షియల్, అదే శ్రుతి. సస్పెన్షన్‌ను లేపితే చాసిస్, బాడీ, అందులోని అత్తగార్లు మాత్రమే లేస్తారనీ, డిఫరెన్షియల్ ఇరుసులోనే ఉంటుంది గనుక పెద్ద టైర్లు వేస్తే తప్ప అది అంగుళమైనా కదలదనీ అప్పుడు బోధపడింది. ఇంతలో తోట కాపలాదారు పరుగున వచ్చి, "నడుమకు తీసుకోకండి బాబూ, చక్రాన్నే రాయి మీదికి ఎక్కించండి, మేము ట్రాక్టరును అట్లాగే పోనిస్తాం" అన్నాడు. ఎక్కించాను. బండి ఒక పక్కకు ఒరిగింది, అత్తగారు గోవిందనామాలు అందుకున్నారు, చప్పుడు లేకుండా దాటిపోయాము.

తోటలో ఆమె దిగవలసి వచ్చినప్పుడు ముక్కాలిపీట ఇంటి గుమ్మంలోనే ఉండిపోయిందని తెలిసింది. దూకించే వయసు కాదు, ఎత్తి దింపే చనువు నాకు లేదు. కాపలాదారు కాసేపు ఆలోచించి, బండిని వెనక్కి నడిపించి, తలుపు సరిగ్గా ఆ రాయి పక్కకు వచ్చేలా ఆపించాడు. అత్తగారు రాయి మీద పాదం మోపి, కూతురి చెయ్యి పట్టుకొని సునాయాసంగా నేలకు దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ అన్నారు:

"ఈ రాయిని ఇక్కడ వేయించినవారెవరో గానీ అల్లుడుగారూ, పుణ్యాత్ములు."