ముప్పై దగ్గర మొదలైన గీత

తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డ లెక్కల నోటుబుక్కును ఇందాకే తెరిచాను. అప్పటి నుంచి నా కోపం చల్లారడం లేదు. ఆటో ఎక్కగానే 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 12 రూపాయల చొప్పున అయ్యే కిరాయికి గ్రాఫు గీయమని ప్రశ్న. పిల్ల నిలువు అక్షం మీద 30 దగ్గర చుక్క పెట్టి, అక్కడి నుంచి సరళరేఖను చక్కగా పైకి గీసింది. సారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, "సరళరేఖ మూలబిందువు గుండా పోవాలి" అని రాసిపెట్టారు.

మూలబిందువు గుండా, అంటే రెండు అక్షాలు కలిసే సున్నా గుండా పోవలసింది అనులోమానుపాతాన్ని చూపే రేఖ, సారూ. అనులోమానుపాతమంటే దూరం రెట్టింపైతే కిరాయి కూడా రెట్టింపు కావాలి గదా? ఇక్కడ 5 కిలోమీటర్లకు 90 రూపాయలు, 10 కిలోమీటర్లకు 150 రూపాయలు, 180 కాదు. ఇది రేఖీయ సమీకరణమే, అనులోమానుపాతం మాత్రం కాదు. నమ్మకం లేకపోతే కాజీపేటలో ఆటో ఎక్కి, ఒక్క కిలోమీటరు పోయి, 12 రూపాయలు చేతిలో పెట్టి దిగి చూడండి. ఆ 30 గ్రాఫులో ఎక్కడుంటుందో డ్రైవరన్న వివరంగా చెబుతాడు.

అసలు అనులోమానుపాతానికి "వై ఈజ్ ఈక్వల్ టు కేఎక్స్" అని మా చేత వందసార్లు వల్లె వేయించిన వాళ్లు ఆ 'కే' అంటే ఏమిటో ఒక్కనాడైనా చెప్పారా? నాకది మా నాయిన పత్తి అమ్మిన రోజు తెలిసింది. క్వింటాలు 2,000 రూపాయలకు ఒప్పుకున్న అడ్తిదారు, క్వింటాలుకు రెండు కిలోల తరుగు తీశాడు. ఇంటికొచ్చి లెక్క చీటీ వెనక గీసి చూస్తే రేఖ వంకర పోలేదు, సున్నా క్వింటాళ్లకు సున్నా రూపాయలే, మూలబిందువు గుండా బుద్ధిగానే పోతోంది. 2,000 ఉండవలసిన వాలు, అంటే ఆ 'కే', మాత్రం 1,960కి దిగింది. ఇంత నికార్సైన అనులోమానుపాతాన్ని నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు. పైగా ట్రాలీ కిరాయి 300 విడిగా పోయింది. అది తీసేసరికి రేఖ మొత్తం 300 కిందికి జరిగి మూలబిందువును వదిలేసింది, ఎందుకంటే పత్తి ఎంత తీసుకుపోయినా ట్రాలీ వాడి కిరాయి మారదు. మరునాడు ఆ చీటీని బడిలో చూపిస్తే సిలబస్‌లో లేదన్నారు.

మా బిడ్డ అప్పుడే రబ్బరుతో తన గీతను చెరిపి, సున్నా నుంచి కొత్తగా గీసుకుంది. 30 దగ్గర పెన్సిలు నొక్కిన అచ్చు మాత్రం కాగితం మీద ఇంకా కనిపిస్తోంది. రేపు పొద్దున ఆ నోటుబుక్కు పట్టుకుని బడికి పోతున్నాను.